ఎముకకు చీము పట్టినప్పుడు: ఆలస్యమే అసలు శత్రువు

సూరత్ నగరమున తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగులు, వారి కుటుంబముల సమావేశములో ఫెడరేషన్ పక్షాన చేసిన ప్రసంగ పాఠము



మన సమావేశములలో మీరు సాధారణముగా వినునది వేతన సంఘము గురించి, కరువు భత్యము గురించి, బదిలీల గురించి. ఈనాడు మేము ఎముకల గురించి మాట్లాడుటకు నిలబడినాము. ఇది యూనియన్ వేదికపై చర్చింపవలసిన విషయమా అని కొందరికి సందేహము కలుగవచ్చును. ట్రాక్‌మన్‌కు కాలు, పోస్ట్‌మన్‌కు పాదము, సంచులు మోయు ఆర్.ఎం.ఎస్. ఉద్యోగికి వెన్ను జీవనాధారములు. వాటిని కాపాడుకొనుట కూలిని కాపాడుకొనుట వంటిదే.

మేము వైద్యులము కాము. మందు పేరు, మోతాదు నిర్ణయించునది డాక్టరే. కాని సిక్ మెమోలు, సెలవు దరఖాస్తులు, మెడికల్ బోర్డు ఉత్తర్వులు చేతబట్టుకొని ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టు తిరిగిన అనుభవము మాకున్నది. ఆ అనుభవమునకు వైద్యులు చెప్పిన దానిని జోడించి మీ ముందు ఉంచుచున్నాము. సారాంశము ఇది: ఎముకకు పట్టిన చీము మొదటి రోజులలో చాలవరకు మందుకు లొంగును, వారములు గడిచిన తరువాత కత్తి కూడ కావలసివచ్చును, ఏండ్లు గడిచిన తరువాత ఒక్కొక్కప్పుడు కాలు పోవును. రోగిని దెబ్బతీయునది సూక్ష్మజీవి ఒక్కటే కాదు, ఆలస్యము కూడ. ఆ ఆలస్యమునకు కారణములు తరచుగా ఆసుపత్రి గేటు బయటనే ఉన్నవి.

ఎముక రాయి కాదు

ఎముకను మనము గోడలోని రాయి వలె ఊహించుకొందుము. నిజమునకు అది సజీవమైనది. లోపల మూలుగ, పైన పలుచని గట్టి పొర ఉన్నవి. ఆ రెండు వైపుల నుండి సన్నని నాళముల ద్వారా ఎముకకు రక్తము అందును. విరిగిన ఎముక తిరిగి అతుకుటకు కారణము ఈ రక్తమే.

కండలో సెగగడ్డ లేచినప్పుడు చర్మము సాగును, గడ్డ ఉబ్బును, పగులును, చీము బయటికి పోవును. ఎముకకు సాగు గుణము లేదు. మూలుగలో చీము పుట్టిన యెడల మూత బిగించిన పాత్రలో ఆవిరి వలె ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడికి రక్తనాళములు నలిగిపోవును. చీము ఎముకలోని సన్నని సందుల గుండా బయటికి చొచ్చుకొని వచ్చి, పై పొరను ఎముక నుండి ఊడదీయును. అప్పుడు ఆ భాగమునకు లోపలి రక్తమును లేదు, బయటి రక్తమును లేదు. రక్తము అందని ఎముక చచ్చును. ఆ చచ్చిన ముక్క సూక్ష్మజీవులకు కోట అగును. మందు రక్తముతోనే ప్రయాణించును గనుక రక్తము పోని చోటికి మందును పోదు. శరీరము తన ప్రయత్నముగా ఆ ముక్క చుట్టు కొత్త ఎముకను తొడుగు వలె కట్టును; తొడుగులోని రంధ్రము గుండా చీము ఏండ్ల తరబడి కారుచుండును. దీనినే దీర్ఘకాలిక ఆస్టియోమైలైటిస్ అందురు.

ఆస్టియోమైలైటిస్ అను పేరు 1844లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు నెలాటన్ పెట్టినది. 1880లో లూయీ పాశ్చర్ సెగగడ్డ చీములోను, ఎముక చీములోను ఒకే సూక్ష్మజీవిని చూచి, ఇది మూలుగకు లేచిన సెగగడ్డయే అని గుర్తించినాడు. దానినే ఈనాడు స్టాఫిలోకాకస్ ఆరియస్ అని పిలుచుచున్నారు. ఆరోగ్యవంతులు అనేకుల ముక్కులోను, చర్మముపైనను కూడ అది ఉండును. కనుక ఈ వ్యాధి ఎవరి పాపఫలమును కాదు. దానిని దాచిపెట్టవలసిన పని అంతకన్న లేదు.

చీము ఏ దారిన వచ్చును

మొదటి దారి రక్తము. ఇది ముఖ్యముగా పిల్లలలో కనిపించును. చర్మముపై చిన్న పుండు నుండియో, ఏ జాడయు తెలియని చోటి నుండియో సూక్ష్మజీవి రక్తములో చేరి, పెరుగుచున్న ఎముక చివరలలో, మోకాలి దగ్గర, తుంటి దగ్గర స్థిరపడును. బిడ్డకు హఠాత్తుగా జ్వరము వచ్చును. కాలు నేల మోపడు, లేదా చేయి ఎత్తడు. ఆడుకొనుచు పడినాడు గదా, బెణికినదని పెద్దలు అనుకొందురు. నూనె రాసి మర్దన చేయుదురు. బెణుకునకు జ్వరము రాదు అను ఒక్క మాట ప్రతి తల్లియు గుర్తుంచుకొనవలెను. జ్వరముతో కుంటు బిడ్డను ఆ రోజే డాక్టరుకు చూపవలెను. తుంటి కీలులో చీము చేరినచో అది గంటలతో లెక్కించవలసిన అత్యవసరము.

దక్షిణ గుజరాత్ గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ వ్యాధి గలదు. మన తెలుగు నాట ఏజెన్సీ ప్రాంతములలోను గలదు. ఆ వ్యాధి గల వారి ఎముకలకు రక్త ప్రసారము తరచు ఆగుచుండును గనుక చీము పట్టు ప్రమాదము హెచ్చు. వారికి వచ్చు మామూలు ఎముక నొప్పికిని, చీముకును తేడా కనిపెట్టుట డాక్టరుకు కూడ కష్టమే. అట్టి సహోద్యోగి బిడ్డకు జ్వరమును నొప్పియు తగ్గకున్నచో వేచి ఉండరాదు.

రెండవ దారి గాయము. మన రైల్వే సోదరులకు ఇది అన్నిటికన్న దగ్గరి ప్రమాదము. రైలు పట్టా కాలిపై జారిన యెడల, గునపము తగిలిన యెడల, ఎముక విరిగి చర్మము కూడ చీలిన యెడల, కంకర ధూళి, గ్రీజు, మురికి ఎముక వరకు పోవును. ఇట్టి విరుగుడులో మొదటి గంటలు అమూల్యములు. గాయమును పరిశుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండ కట్టి ఆసుపత్రికి చేర్చవలెను. పసుపు, సున్నము, కాఫీ పొడి, ఆకు పసరు, గ్రీజు, ఏదియు పెట్టరాదు. సాధ్యమైనంతవరకు మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడవలెనని శస్త్రవైద్యులు చెప్పుదురు. ధనుర్వాతపు ఇంజెక్షను సంగతి కూడ అడుగవలెను. తరువాత ఆపరేషన్ థియేటరులో గాయము లోపలి మురికిని, చచ్చిన కండను తీసివేసి శుభ్రము చేయుదురు.

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు అరుదు. తరతరములుగా ఆ పని చేయుచున్న వారిని మేము నిందించుట లేదు. కాని తెరచుకొన్న గాయమునకు, చీముకు, జ్వరమునకు కట్టు మందు కాదు. బిగించిన కట్టు క్రింద చీము కనబడదు. వ్రేళ్ళు నల్లబడినను ఆలస్యముగా తెలియును.

మూడవ దారి పక్కనున్న పుండు నుండి లోనికి దిగుట. మధుమేహము గల పోస్ట్‌మన్ సోదరుని పాదము ఇందుకు ఉదాహరణ. ఏండ్ల తరబడి చక్కెర హెచ్చుగా ఉన్నచో పాదములోని నరములు మొద్దుబారును. చెప్పులోని మేకు గుచ్చినను తెలియదు. ఆనెకాయ క్రింద పుండు పడును, నొప్పి ఉండదు. నొప్పి లేదు గనుక అతడు బీటు నడుచుచునే ఉండును. ఒకనాటికి పుండు అడుగున ఎముక తగులును. డాక్టరు సన్నని కడ్డీతో పుండును తాకి చూచినప్పుడు గట్టిగా ఎముక తగిలిన యెడల అది ఎముకకు చీము పట్టినదనుటకు బలమైన సూచన. వ్రేలు మొత్తము ఎర్రబడి ఉబ్బుట మరియొక సూచన. ఇక్కడ నొప్పి లేకపోవుట శుభసూచకము కాదు.

కోవిడ్ కాలములో సూరత్ నగరము మధుమేహపు మరియొక రూపమును చూచినది. 2021లో కోవిడ్ నుండి కోలుకొన్న వారిలో, ముఖ్యముగా చక్కెర అదుపు తప్పిన వారిలో, మ్యూకర్ అను బూజు ముక్కు, పై దవడ, కంటి గూటి ఎముకలను తినివేసినది. ఆ మే నెలలో గుజరాత్ ప్రభుత్వము దానిని అంటువ్యాధిగా ప్రకటించినది. ప్రాణము నిలుపుటకు దవడ తీయించుకొనవలసివచ్చిన వారు ఉన్నారు. చక్కెరను అదుపులో ఉంచుట ఎముకను కాపాడుటయే.

అన్ని వెన్నునొప్పులు బరువు వలన రావు

సంచులు మోయు వారికి, సీటు కదలక కూర్చుండు వారికి వెన్నునొప్పి సర్వసాధారణము. అందుచేతనే అసలు వ్యాధి అందులో దాగికొనును. విశ్రాంతి తీసుకొన్నను తగ్గని నొప్పి, రాత్రి నిద్ర నుండి లేపు నొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, ఆకలి మందగించుట, వెన్నులో ఒకచోట గూను పొడుచుకొని వచ్చుట, ఇవి కనిపించినచో వెన్నుపూసల క్షయ కావచ్చును. కాళ్ళలో బలము తగ్గుట, మూత్రము అదుపు తప్పుట కనిపించినచో అది ఆ రోజే ఆసుపత్రికి చేరవలసిన ప్రమాద సంకేతము.

ఈ వ్యాధిని 1779లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించినాడు. నేటికిని మన దేశములో ఎముకలకు, కీళ్ళకు సోకు వ్యాధులలో క్షయకు పెద్ద స్థానము గలదు. దగ్గు లేకపోయినను క్షయ ఉండవచ్చును. దీనికి మందు ఉన్నది. ప్రభుత్వ క్షయ నిర్మూలన కార్యక్రమములో ఉచితముగా ఇచ్చెదరు. ఊపిరితిత్తుల క్షయకు సాధారణముగా ఆరు నెలలు వాడినచో, ఎముకల క్షయకు సుమారు సంవత్సరము వాడవలసియుండును. చికిత్స కాలములో ఆహారము నిమిత్తము నెలకు 500 రూపాయలుగా 2018లో ప్రారంభమైన సహాయమును 2024 నవంబరు నుండి 1,000 రూపాయలకు పెంచినారు. ఇది దానము కాదు, రోగి హక్కు; అడిగి తీసుకొనవలెను.

పరీక్షలు ఏమి చెప్పును

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. మొదటి వారములో ఎక్స్‌రే తీయించి, అందులో ఏమియు లేదనగానే చాలమంది నిశ్చింతగా ఇంటికి పోవుదురు. ఎముకలోని మార్పు ఎక్స్‌రేలో కనిపించుటకు పది నుండి పదునాలుగు రోజులు పట్టును. అనగా ఎక్స్‌రేలో తెలియునప్పటికి వ్యాధి ముదురుచుండును. తొలినాళ్ళలో బాగుగా చూపునది ఎం.ఆర్.ఐ. రక్తపరీక్షలలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనునవి శరీరములో వాపు ఉన్నదని చెప్పును. ఎక్కడ ఉన్నదో చెప్పవు. అయినను చికిత్సకు వ్యాధి లొంగుచున్నదా లేదా అని వారము వారము తెలిసికొనుటకు అవి ఉపయోగించును.

అన్నిటికన్న ముఖ్యమైనది కల్చర్ పరీక్ష. రక్తమునుండి గాని, ఎముకనుండి తీసిన ముక్కనుండి గాని సూక్ష్మజీవిని పెంచి, అది ఏ మందుకు చచ్చునో చూచెదరు. రోగి మరీ విషమ స్థితిలో లేనిచో, ఈ నమూనాలను మందు ప్రారంభించుటకు ముందే తీయవలెను. మందుల షాపులో అడిగి తెచ్చుకొన్న నాలుగు మాత్రలు మ్రింగి ఆసుపత్రికి వచ్చిన వానికి కల్చర్‌లో ఏమియు పెరగకపోవచ్చును. అతని చీము తగ్గదు, దాని పేరు మాత్రము దాగిపోవును. డాక్టరు చీకటిలో బాణము వేయవలసివచ్చును.

చికిత్స: సగములో ఆపరాదు

సకాలములో వచ్చిన బిడ్డకు కొద్ది రోజులు నరము ద్వారా, తరువాత మాత్రల ద్వారా, మొత్తము మూడు నాలుగు వారముల మందుతో తరచు పూర్తిగా నయమగును. పెద్దవారికి సాధారణముగా ఆరు వారములు పట్టును. వెనుక ఆరు వారములును సూదులే పొడిచెడివారు. 2019లో ఇంగ్లండు నుండి వెలువడిన ఒక పెద్ద పరిశోధన, తగిన మందును ఎన్నుకొన్న యెడల మొదటి వారము తరువాత మాత్రలు కూడ సూదులతో సమానముగా పనిచేయునని చూపినది. ఇది కార్మికునకు శుభవార్త. అయితే మాత్రలను వేళకు, లెక్కకు, చివరి రోజు వరకు మ్రింగినప్పుడే శుభవార్త.

మధ్యలో ఆపినచో ఏమగునో పెన్సిలిన్ తొలి చరిత్రయే చెప్పుచున్నది. 1928లో ఫ్లెమింగ్ కనుగొన్న ఆ మందును 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి ఇచ్చినారు. ఒళ్ళంతయు చీము పట్టి మరణశయ్యపై ఉన్న మనిషి కొద్ది రోజులలో తేరుకొన్నాడు. కాని అప్పటికి ఆ మందు ప్రపంచములో ఉన్నది గుప్పెడు. అతని మూత్రము నుండి కూడ దానిని తిరిగి వడకట్టి ఇచ్చినారు. చివరకు మందు అయిపోయినది. వ్యాధి తిరుగబెట్టినది, అతడు మరణించినాడు. అతనికి మందు దొరకలేదు. మన అలమరలో మందు ఉండగా, నొప్పి తగ్గినదని మనమే ఆపివేయుచున్నాము.

మందుల చరిత్రలో తెలుగువారికిని, ఈ నగరమునకును ఒక బంధము గలదు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, అక్కడి డగ్గర్ అను శాస్త్రవేత్త ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో లోకమునకు వెల్లడియైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముతో సూరత్ స్టేషనులో జనము రైళ్ళకు ఎగబడినప్పుడు, ఈ నగరములో పంచిన మందు ఆ కుటుంబమునకు చెందిన టెట్రాసైక్లిన్. దానిని చెప్పుట గర్వము కొరకు మాత్రమే కాదు. ప్లేగు ఆగుటకు మందుతో పాటు మురికిని ఎత్తిన పారిశుద్ధ్య కార్మికుల శ్రమ కూడ కారణము. ఏ వ్యాధియు మందుతో మాత్రమే పోదు.

చీము గూడు కట్టినచో శస్త్రచికిత్స తప్పదు. లోపలి చీమును వదలగొట్టి, చచ్చిన ఎముకను తీసివేయవలెను. విరిగిన ఎముకలో వేసిన రాడ్లకు, ప్లేట్లకు సూక్ష్మజీవులు జిగురు పొర వలె అంటుకొన్నప్పుడు ఒక్కొక్కప్పుడు వాటిని కూడ మార్చవలసివచ్చును. తీసివేసిన ఎముక చోటు ఖాళీగా మిగిలినచో ఏమి చేయుట? దీనికి జవాబు సైబీరియాలోని కుర్గాన్ పట్టణము నుండి వచ్చినది. అచ్చట ఇలిజరోవ్ అను సోవియట్ వైద్యుడు 1950 దశకములో కాలి చుట్టు ఉక్కు వలయములు అమర్చి, తీగలతో ఎముకను పట్టి, దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుచు ఖాళీలో కొత్త ఎముకను పెంచినాడు. ఏండ్ల తరబడి కాలి గాయము మానని ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి 1980లో కుర్గాన్ వెళ్ళి కోలుకొన్న తరువాతనే పశ్చిమ దేశములు ఆ పద్ధతిని పట్టించుకొన్నవి. నేడు మన దేశములోని పెద్ద ఆసుపత్రులలోను అది జరుగుచున్నది. కాని నెలల తరబడి వలయములు మోయవలెను. బీడీ, సిగరెట్టు మానవలెను. పొగ రక్తనాళములను సన్నగిల్లజేసి ఎముకను అతుకనీయదు.

ఏండ్లుగా చీము కారుచున్న రంధ్రము గలవారు అది అలవాటైనదని వదలివేయరాదు. అట్టి పుండులో కాలక్రమమున క్యాన్సరు పుట్టవచ్చును. దుర్వాసన, రక్తస్రావము, నొప్పి హెచ్చినచో వెంటనే చూపవలెను.

ఒక మెమో విలువ

ఒక సెక్షనులో జరిగినది చెప్పెదము. ఊరును, పేరును అవసరము లేదు. పట్టా మార్చు పనిలో ఒక ట్రాక్‌మన్ మోకాలి క్రింది ఎముక విరిగినది, చర్మమును చీలినది. డ్యూటీలో గాయమని వ్రాసినచో విచారణ వచ్చునని పైవారు నచ్చజెప్పినారు. మస్టర్‌లో హాజరు వేయించెదము, బయట చూపించుకొమ్మన్నారు. అతడు నమ్మినాడు. గల్లీలోని ఒక క్లినిక్‌లో మురికి గాయముపైననే పిండికట్టు వేసినారు. మూడవ వారములో కట్టులోనుండి దుర్వాసన వచ్చినది. విప్పి చూడగా చీము. తరువాత పదునాలుగు నెలలు, నాలుగు ఆపరేషన్లు. కాలు నిలిచినది గాని పొట్టి అయినది. సెలవు అంతయు అయిపోయినది. జీతము లేని నెలలు వచ్చినవి. భార్య మంగళసూత్రము కుదువ పెట్టినది. డ్యూటీలో గాయపడినట్లు కాగితము లేదు గనుక, రావలసిన సెలవు కొరకు సాక్షుల వాఙ్మూలములు ప్రోగుచేయుటకే మాకు సంవత్సరము పట్టినది. మొదటి రోజున వ్రాసియున్నచో అది ఒక పేజీ కాగితము.

నిబంధన ఏమి చెప్పుచున్నది? ఏడవ వేతన సంఘము తరువాత పాత హాస్పిటల్ లీవు మొదలైనవాటిని కలిపి, పని వలన కలిగిన వ్యాధికి, గాయమునకు ప్రత్యేక సెలవు ఏర్పరచినారు. ఆసుపత్రిలో ఉన్నంత కాలము పూర్తి జీత భత్యములు. అటుపిమ్మట ఆరు నెలలు పూర్తి జీత భత్యములు. ఆపైన పన్నెండు నెలలు సగము జీతము. ఎముక చీము చికిత్సకు పట్టు కాలము సరిగా ఇట్టిదే. అనగా రోగము కోరు కాలమును నిబంధన ఇచ్చుచున్నది; మెమో లేకపోవుట దానిని లాగికొనుచున్నది. కాలు పూర్వపు పనికి పనికిరాకపోయినను ఉద్యోగము పోదు. 2016 వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను ప్రకారము ఉద్యోగ కాలములో వైకల్యము పొందిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించుటకును, హోదా తగ్గించుటకును వీలు లేదు. అదే వేతన శ్రేణిలో తగిన మరియొక పని చూపవలెను.

ఎముకకును కార్మికోద్యమమునకును ఉన్న బంధము కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దములో అగ్గిపుల్లలకు తెల్ల భాస్వరము వాడెడివారు. దాని ఆవిరికి కార్మికుల దవడ ఎముక చచ్చి, చీముపట్టి, ముఖములు వికృతమయ్యెడివి. 1888లో లండనులోని బ్రయంట్ అండ్ మే కర్మాగారపు స్త్రీలు, బాలికలు సమ్మెకు దిగినారు. 1906 బెర్న్ ఒప్పందము తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించినది; మన దేశములో 1913లో చట్టము వచ్చినది. ఆ దవడ వ్యాధిని అంతము చేసినది యాంటీబయాటిక్ కాదు, అప్పటికి అది పుట్టనేలేదు. దానిని అంతము చేసినవి ఆందోళన, చట్టము.

సూరత్‌లోని మన వారు

ఈ నగరమున మనము కొద్దిమందిమి కాము. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతముల నుండి మగ్గము పనికి వచ్చిన కుటుంబములు తరతరములుగా ఇచ్చట నివసించుచున్నవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు పాఠశాలలు కూడ నడుపుచున్నది. మీలో పలువురికి లింబాయత్‌లోను, ఉధ్నాలోను మేనమామలు, తోడల్లుళ్ళు మరమగ్గములపై పన్నెండు గంటల పని చేయుచున్నారు. మీటరు లెక్కన కూలి గల వానికి ఒక రోజు ఆసుపత్రి అనగా ఒక రోజు పస్తు. అతని బిడ్డకు జ్వరము వచ్చి కాలు నేల మోపనప్పుడు ఆలస్యము ఎందుకు జరుగునో వేరుగా చెప్పనక్కరలేదు.

వారికి మీరు చెప్పవలసినవి రెండు. మొదటిది, మజూరా గేటు వద్ద ప్రభుత్వ వైద్య కళాశాలకు చెందిన న్యూ సివిల్ హాస్పిటల్, నగరపాలక సంస్థ నడుపు స్మిమేర్ ఆసుపత్రి ఉన్నవి. రెండును బోధనాసుపత్రులు, ఎముకల విభాగములు గలవి. రెండవది, ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న వారికి దీర్ఘవ్యాధుల పట్టిక ఒకటి గలదు. అందులోని ముప్పది నాలుగు వ్యాధులలో క్షయయు, చర్మము చీలిన విరుగుడుతో కూడిన దీర్ఘకాలిక ఆస్టియోమైలైటిస్‌యు ఉన్నవి. అర్హులైన వారికి కూలిలో 80 శాతము చొప్పున రెండేండ్ల వరకు భత్యము రావచ్చును. కార్డు ఉండియు ఈ సంగతి తెలియని వారు అనేకులు.

భాష కూడ ఒక ఆటంకమే. మన ఇంటి ఆడవారికి సలుపు అను మాటను డాక్టరుకు ఎట్లు చెప్పవలెనో తెలియదు. నాలుగు గుజరాతీ మాటలు నేర్పుడు: జ్వరమును తావ్ అందురు, వాపును సోజో, చీమును పరు, ఎముకను హాడకుం. ఒక చీటీపై జ్వరము మొదలైన తేదీ, దెబ్బ తగిలిన తేదీ, ఇంతవరకు మ్రింగిన మాత్రల పేర్లు, చక్కెర వ్యాధి ఉన్నదా లేదా అను నాలుగు సంగతులు వ్రాసి ఇచ్చి పంపుడు. చిరునామాలు చదువుటలో ఆరితేరిన తపాలా సోదరులకు ఇది ఎంత పని?

శాఖలు చేయవలసినది

ప్రతి శాఖయు ఈ నెలలోనే ఈ పనులు చేపట్టవలెనని ఫెడరేషన్ కోరుచున్నది. డ్యూటీలో తగిలిన ప్రతి గాయమును, అది చిన్నదైనను, ఆ రోజే వ్రాయించి నకలు శాఖ ఫైలులో ఉంచవలెను. గ్యాంగు హట్‌లలోను, డిపోలలోను ఉన్న ప్రథమ చికిత్స పెట్టెలలో శుభ్రమైన గుడ్డ, కట్లు ఉన్నవో లేవో స్వయముగా తెరచి చూడవలెను. మధుమేహము గల సభ్యులు ప్రతి రాత్రియు అరికాళ్ళు చూచుకొనవలెను; కంటికి అందనివారు అద్దము క్రింద పెట్టుకొనవలెను, లేదా ఇంటివారిచే చూపించుకొనవలెను. పాదమునకు సరిపడు బూట్లు ట్రాక్‌మన్‌కు, పోస్ట్‌మన్‌కు సకాలములో ఇవ్వవలెనని, డ్రెస్సింగ్ రోజులలో నడక లేని పని ఇవ్వవలెనని అధికారులను కోరవలెను. మన పక్కనే పనిచేయు గ్రామీణ డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు రెగ్యులర్ ఉద్యోగులతో సమానమైన వైద్య సదుపాయము లేదు. వారి గాయము మన గాయము కన్న తక్కువగా చీము పట్టదు. ఆ కోర్కె మన కోర్కెల పత్రములో అడుగున కాదు, పైన ఉండవలెను.

ఇంతసేపు చెప్పిన దానిలో ఇంటికి తీసుకొనిపోవలసినది కొద్దిగనే. జ్వరముతో కుంటు బిడ్డను మర్దన చేయకుడు. ఎముక విరిగిన చోట గాయము ఉన్నచో గంటలోపల ఆసుపత్రికి చేర్చుడు. నొప్పి లేని పుండును నమ్మకుడు. వారము లోపలి ఎక్స్‌రే బాగున్నదని నిశ్చింత పడకుడు. నొప్పి తగ్గినదని మందు ఆపకుడు. గాయము జరిగిన రోజే కాగితము వ్రాయించుడు.

ఎనిమిది గంటల పనిదినము కొరకు మన పూర్వులు పోరాడినది కాలము కొరకే. రోగికి సెలవు కోరుట, బూట్లు కోరుట, మెమో కోరుట కూడ కాలము కొరకు పోరాటమే. ఆ కాలమును మన సభ్యులకు సంపాదించి ఇచ్చినచో, మిగిలిన పనిని డాక్టరు చేయగలడు.